తీగ ఎక్కడిదాకా వచ్చింది? నెట్ సెంటర్ల కాలంలో బ్రాడ్‌బ్యాండ్ లెక్కలు - 6వ భాగం



గత భాగంలో ఎస్టీడీ బూత్‌ల గురించి రాశాను. ఈ భాగం నెట్ సెంటర్ల గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, నెట్ సెంటర్ లోపలికి వచ్చిన తీగ గురించి. "ఇంటర్నెట్ వచ్చాక కులం గోల పోయింది, ఎవడైనా లాగిన్ అవ్వొచ్చు" అనే మాట చాలా మీటింగుల్లో వింటుంటాం. లాగిన్ అవ్వాలంటే ముందు ఒక తీగ కావాలి. ఆ తీగ ఎవరి పేరు మీద వచ్చింది, నెలకు ఎంత పడింది, ఏ వీధి మొదట్లో ఆగిపోయింది అన్న లెక్కలు రాసిపెట్టినవాళ్ళు తక్కువ. అందుకే ఈ వ్యాసంలో అంకెలు ఎక్కువ ఉంటాయి. ఓపికగా చదవండి. మన చరిత్రలో చాలా విషయాలు ఉపన్యాసాల్లో కన్నా బిల్లుల్లోనే బాగా కనపడతాయి.

నేను 2001 నుంచి 2004 దాకా గుంటూరులో ఎస్సీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. సాయంత్రాలు బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్‌లో పనిచేసేవాణ్ణి. 2005లో ఇద్దరు మిత్రులతో కలిసి మా మండల కేంద్రంలో ఆరు సిస్టమ్‌లతో సొంతంగా ఒక సెంటర్ పెట్టాం. కాబట్టి ఇందులో కొంత అందరికీ తెలిసిన చరిత్ర, కొంత మా జమాఖర్చుల నోటుబుక్కులోది.

1. బొమ్మలకు పదిహేను వేలు, అక్షరాలకు ఐదొందలు

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అమ్మడం 1995 ఆగస్టు 15న మొదలైంది. అమ్మింది వీఎస్‌ఎన్‌ఎల్ అనే ప్రభుత్వ సంస్థ. మొదట మహానగరాల్లోనే. బొమ్మలతో సహా పేజీలు చూడగలిగే అకౌంట్‌కు 250 గంటలకు పదిహేను వేల రూపాయలు. స్పీడ్ 9.6 కేబీపీఎస్, అంటే సెకనుకు 9.6 కిలోబిట్లు. విద్యార్థులకు అదే 250 గంటలు ఐదొందలకు ఇచ్చారు, కానీ అది షెల్ అకౌంట్. నల్ల తెర మీద అక్షరాలు మాత్రమే వస్తాయి. మొదటి రోజు నుంచే ఇంటర్నెట్ రెండు రకాలుగా ఉందన్నమాట.

1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తీశారు. ముందుగా వచ్చింది సత్యం ఇన్ఫోవే. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పెట్టిన కంపెనీయే, తర్వాత సిఫీ అయింది. ఆ కంపెనీ ఐవే పేరుతో దేశమంతా నెట్ సెంటర్ల గొలుసు నడిపింది. బీఎస్‌ఎన్‌ఎల్ 2000 అక్టోబరు 1న పుట్టింది, దాని నెట్ సర్వీసు పేరు సంచార్‌నెట్.

ఇంట్లో నెట్ పెట్టుకోవాలంటే మొదట ఫోన్ ఉండాలి కదా. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఫోన్ ఉన్న కుటుంబాలు నూటికి 9.1. ఇక కంప్యూటర్ సంగతి చెప్పక్కర్లేదు. మిగతా తొంభై మంది పిల్లలకు నెట్ అంటే నెట్ సెంటరే. మన హాస్టల్ పిల్లలకైతే మరీను. హాట్‌మెయిల్, యాహూ, రెడిఫ్ మెయిల్ ఐడీలు మేం అక్కడే చేసుకున్నాం. పరీక్షా ఫలితాలు అక్కడే చూసుకున్నాం. 2001 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగినప్పుడు, కుల సమస్యను అక్కడ చర్చకు పెట్టాలని మనవాళ్ళు పోరాడుతున్నప్పుడు, పేపర్లో రాని సంగతులు ఈమెయిళ్ళలో వచ్చేవి. వాటిని ప్రింట్ తీసి హాస్టల్ గోడకు అంటించేవాళ్ళం. ప్రింట్‌కు పేజీ రెండు రూపాయలు.

2. డయల్-అప్: ఒక్క గొట్టం, నలుగురి దాహం

డయల్-అప్ గురించి ఇప్పటి పిల్లలకు చెప్పాలి. ఫోన్ తీగకు మోడెం తగిలిస్తాం. అది నంబరు కొడుతుంది, కీచుమని అరుస్తుంది, కలుస్తుంది. కలిసినంతసేపూ ఫోన్ ఎంగేజ్. మోడెం మీద 56 అని రాసి ఉంటుంది. లైను బాగుంటే 40 దాకా వచ్చేది.

ఖర్చు రెండు పక్కలా ఉండేది. ఇంటర్నెట్ గంటలు కొనాలి. దానికి తోడు ఫోన్ బిల్లు వేరే. మూడు నిమిషాలకో పల్స్ లెక్కన గంటకు ఇరవై పల్సులు. తర్వాత నెట్ నంబర్లకు కాల్ ఛార్జీ తగ్గించారు గానీ, రోజంతా తెరిచి ఉంచే దుకాణానికి ఆ బిల్లు గుండె మీద కుంపటే.

ఇక పంపకం. విండోస్ 98 రెండో ఎడిషన్‌లో ఒక కనెక్షన్‌ను ఇతర సిస్టమ్‌లకు పంచే సౌకర్యం వచ్చింది. విన్‌గేట్ లాంటి సాఫ్ట్‌వేర్లు కూడా ఉండేవి. 40 కేబీపీఎస్‌ను నలుగురికి పంచితే మనిషికి 10. అంటే 1995లో పదిహేను వేలు కట్టినవాడికి వచ్చిన స్పీడే 2001లో గంటకు పాతిక రూపాయలిచ్చిన మా కస్టమర్‌కూ వచ్చేది. ఆరేళ్ళలో ధర తగ్గింది, కుర్చీలో కూర్చున్న మనిషికి స్పీడ్ మాత్రం ఉన్నచోటే ఉంది.

బాబాసాహెబ్ 'కుల నిర్మూలన' ఇంగ్లిష్ పాఠం కొలంబియా యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో చదవొచ్చు. అక్షరాల పేజీ కాబట్టి త్వరగానే తెరుచుకుంటుంది. అదే స్కాన్ చేసిన ఒక సంపుటం 30 ఎంబీ ఉందనుకుందాం. 40 కేబీపీఎస్ అంటే సెకనుకు 5 కేబీ. మొత్తం 6,000 సెకన్లు, గంటా నలభై నిమిషాలు. అది కూడా మిగతా ముగ్గురు లేచిపోతే. మధ్యలో లైను తెగితే మళ్ళీ మొదటి నుంచి. గంటకు పాతిక చొప్పున ఆ పుస్తకం ఖరీదు ఎంతో మీరే లెక్కేసుకోండి. హాస్టల్ కుర్రాడు ఆ పుస్తకాన్ని దించుకోకపోతే అది ఆసక్తి లేక కాదు.

3. నెట్ సెంటర్ ముందున్న దారులు

డయల్-అప్‌తో విసిగిన ఓనర్లు 2000 నుంచి 2005 మధ్య ఏ కనెక్షన్ తీసుకోవాలా అని తలలు పట్టుకున్నారు. ఒక్కో దాన్ని చూద్దాం.

ఐఎస్‌డీఎన్. ఇది కూడా ఫోన్ తీగే, కాకపోతే డిజిటల్. ఒక్కోటి 64 కేబీపీఎస్ ఉన్న రెండు ఛానళ్ళు వస్తాయి. రెండూ కలిపితే 128. కలవడం క్షణాల్లో అయిపోతుంది, స్పీడ్ ఊగదు. చిక్కెక్కడంటే, రెండు ఛానళ్ళూ వాడితే రెండు కాల్స్ లెక్క. గడియారం ఇక్కడా తిరుగుతూనే ఉంటుంది. పది సిస్టమ్‌లకు పంచితే మనిషికి 12.8. పైగా ఎక్స్ఛేంజీలో ఆ సదుపాయం ఉండాలి. జిల్లా కేంద్రాల్లో దొరికేది, మండలాల్లో అడిగితే వింతగా చూసేవాళ్ళు.

లీజ్డ్ లైన్. ఇది దొరల కనెక్షన్. 64 కేబీపీఎస్ అయినా అది పూర్తిగా మనదే, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, కాల్ ఛార్జీ లేదు. కానీ ఏడాది అద్దె మామూలు దుకాణం తట్టుకునేది కాదు. ఇంజినీరింగ్ కాలేజీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, బ్యాంకులు తీసుకున్నాయి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న పెద్ద ఇన్‌స్టిట్యూట్లలాంటివి తీసుకోగలవు. గుంటూరు సందుల్లో నెట్ సెంటర్‌కు అది కలే.

వీశాట్. మేడ మీద గొడుగు పెట్టి ఉపగ్రహం నుంచి నెట్ తీసుకోవడం. ఊరు ఎంత మూలన ఉన్నా వస్తుంది. కానీ ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన మాట పైకెళ్ళి కిందికి రావడానికి పావు సెకను, అవతలి జవాబు అదే దారిన రావడానికి ఇంకో పావు సెకను. మెయిల్ చదువుకునేవాడికి అది తెలియదు. ఫోన్ మాట్లాడేవాళ్ళకు మాత్రం తెలుస్తుంది. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

రేడియో కనెక్షన్. కంపెనీ టవర్‌కూ మన మేడ మీది యాంటెన్నాకూ మధ్య తీగ ఉండదు, గాలిలోనే వస్తుంది. ఐవే సెంటర్లు చాలా చోట్ల దీంతోనే నడిచాయి. షరతు ఏమిటంటే టవర్, యాంటెన్నా ఒకదానికొకటి ఎదురెదురుగా కనపడాలి. మధ్యలో పెద్ద బిల్డింగ్ లేస్తే కనెక్షన్ పోతుంది. యాంటెన్నా పెట్టడానికి మేడ హక్కు కావాలి. కింద గది అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు మేడ ఎక్కనివ్వాలి. ఇదే దారిలో మద్రాస్ ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం తయారుచేసిన కార్‌డెక్ట్ గురించి కూడా తెలుసుకోండి. టవర్ నుంచి పది కిలోమీటర్ల దాకా ఫోనూ, 35 నుంచి 70 కేబీపీఎస్ నెట్టూ ఇచ్చే వ్యవస్థ. పల్లెలకు చవకగా ఇవ్వాలని మన దేశంలోనే ఆలోచించి చేసిన పని అది.

కేబుల్ నెట్. టీవీ కేబుల్ ఇంటింటికీ ఉంది కదా, దాంట్లోనే నెట్ ఇస్తే సరిపోదా అన్నది ఆలోచన. కానీ టీవీ కేబుల్ ఒకవైపే పోయేలా కట్టింది. బొమ్మ మన ఇంటికి వస్తుంది, మన నుంచి వెనక్కి ఏమీ పోదు. రెండువైపులా పోవాలంటే దారిలోని ఆంప్లిఫైయర్లన్నీ మార్చాలి. హైదరాబాద్ లాంటి చోట పెద్ద కంపెనీలు ఆ ఖర్చు పెట్టాయి. చిన్న ఊళ్ళలో కేబుల్ ఆపరేటర్లు సులువు దారి పట్టారు. మేడల మీదుగా, స్తంభాల మీదుగా మామూలు నెట్‌వర్క్ తీగ లాగేశారు. ఆ తీగ వంద మీటర్లకు మించి పనిచెయ్యదు. కాబట్టి ప్రతి వంద మీటర్లకూ ఎవరో ఒకరి మేడ మీద ఒక స్విచ్ పెట్టాలి, దానికి కరెంటు కావాలి. మన సెంటర్‌లో యూపీఎస్ ఉన్నా, రెండు వీధుల అవతల ఆ మేడకు కరెంటు పోతే మనకు నెట్ పోయినట్టే. పిడుగు పడితే స్విచ్‌లు వరసగా కాలిపోయేవి. అయినా నెలకింత అని ఒకే రేటు, కాల్ ఛార్జీ లేదు. 2003-04 నాటికి పట్టణాల్లో చాలా నెట్ సెంటర్లు దీనికే మళ్ళాయి.

ఇక సీడీఎంఏ ఫోన్‌కు కేబుల్ తగిలించి నెట్ వాడుకోవడం. రిలయన్స్ ఫోన్లు వచ్చాక 144 కేబీపీఎస్ అని చెప్పేవాళ్ళు. నిమిషాల లెక్కన బిల్లు. ఒక మనిషి ప్రయాణంలో మెయిల్ చూసుకోవడానికి పనికొస్తుంది, దుకాణానికి పనికిరాదు.

చివరిది డీఎస్‌ఎల్. దీని కథ కొంచెం పెద్దది.

4. 256 అనే అంకె

2004 అక్టోబరు 14న కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించింది. ఎప్పుడూ తెరిచి ఉండి, కనీసం 256 కేబీపీఎస్ స్పీడ్‌తో దించుకోగలిగేదే బ్రాడ్‌బ్యాండ్ అని నిర్వచించింది. 2005 చివరికి 30 లక్షలు, 2007 చివరికి 90 లక్షలు, 2010 చివరికి 2 కోట్ల కనెక్షన్లు అని లక్ష్యాలు పెట్టుకుంది. 2010 చివరికి వచ్చినవి కోటీ పది లక్షల దగ్గర. సగానికి కాస్త ఎక్కువ.

ఎందుకిలా అయింది? దీనికి ముందు జరిగిన ఒక సంగతి విద్యార్థులు తెలుసుకోవాలి. అదే ఏడాది ఏప్రిల్‌లో ట్రాయ్ ప్రభుత్వానికి సిఫార్సులు ఇచ్చింది. బీఎస్‌ఎన్‌ఎల్, ఎంటీఎన్‌ఎల్ చేతుల్లో ఉన్న రాగి తీగలను ఇతర కంపెనీలు కూడా అద్దెకు తీసుకుని నెట్ ఇచ్చేలా తెరవమంది. అక్టోబరు విధానంలో ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. ప్రజల డబ్బుతో వేసిన తీగ ప్రైవేటు లాభానికి ఇవ్వకూడదన్నది ఒక వాదన. తెరిస్తే పోటీ పెరిగి ధర తగ్గేదన్నది రెండో వాదన. రెండింటిలోనూ పస ఉంది. అయితే ఆ చర్చ మొత్తం మీద, ఆ రాగి తీగ అసలు చేరని పేటల గురించి మాట ఎక్కడా ముందుకు రాలేదు. తీగను ఎవరు పంచుకోవాలన్నదే తగువు. తీగ లేనివాళ్ళు ఆ తగువులో లేరు.

2005 జనవరి 14న బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ మొదలైంది. పాత ఫోన్ తీగ మీదే నెట్ వస్తుంది. ఫోన్ మోగినా నెట్ ఆగదు. స్ప్లిటర్ అనే చిన్న డబ్బా మాటనూ నెట్‌నూ విడదీస్తుంది. కాల్ ఛార్జీ లేదు. డయల్-అప్ మీద బతికినవాళ్ళకు ఇది పండగ. అయితే దీనికి దూరమే శత్రువు. ఎక్స్ఛేంజీ నుంచి తీగ పొడవు పెరిగేకొద్దీ స్పీడ్ పడిపోతుంది. నాలుగైదు కిలోమీటర్లు దాటితే అసలు నిలబడదు. మన ఊళ్ళలో ఎక్స్ఛేంజీ ఎక్కడ ఉంటుందో, పేట ఎక్కడ ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఊరికి దూరంగా ఉండమని వెనకటివాళ్ళు పెట్టిన కట్టుబాటు, రాగి తీగ పొడవు రూపంలో మళ్ళీ మన బిల్లులోకి వచ్చింది.

5. ఎంబీల ఉచ్చు

ఇప్పుడు అసలు లెక్క. అంతకుముందు గడియారం తిరిగేది, ఇప్పుడు ఎంబీలు తిరగడం మొదలైంది.

చాలామంది బిట్‌కూ బైట్‌కూ తేడా పట్టించుకోరు. 256 కిలోబిట్లు అంటే సెకనుకు 32 కిలోబైట్లు. ఆ స్పీడ్‌తో ఆగకుండా వాడితే గంటకు 115 ఎంబీ. తొలినాటి చిన్న ప్లాన్లలో నెలకు 400 ఎంబీ పరిమితి ఉండేది. మూడున్నర గంటల్లో నెల అయిపోతుంది. 1 జీబీ ప్లాన్ అయితే ఎనిమిది గంటల నలభై నిమిషాలు. నెట్ సెంటర్‌కు అది ఒక్క రోజు పని. ఆ తర్వాత వాడే ప్రతి ఎంబీకీ అదనంగా కట్టాలి. ఎంబీకి ఒక్క రూపాయే అనుకున్నా, గంటకు 115 రూపాయలు ఖర్చు. మా ఆరు కుర్చీలూ నిండితే గంటకు పదిహేను చొప్పున వచ్చేది 90 రూపాయలు. అన్ని కుర్చీలూ నిండినకొద్దీ నష్టం పెరిగే వ్యాపారం ఇదొక్కటే చూశాను.

అందుకే మేం కనెక్షన్ తీసుకునే ముందు ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి ఐదు ప్రశ్నలు రాసుకున్నాం. బిల్లు గంటలతోనా, ఎంబీలతోనా, నెలకింత అనా? అందరూ కూర్చున్నప్పుడు మనిషికి ఎంత స్పీడ్? పైకి పంపే స్పీడ్ ఎంత? తీగ తెగితే ఎవరు వస్తారు, ఎన్ని రోజులకు? మొదట్లో చేతి నుంచి ఎంత పెట్టాలి? ప్రకటనల్లో ఈ ఐదింటిలో ఒక్కటీ ఉండదు. పెద్ద అక్షరాల్లో స్పీడ్, చిన్న అక్షరాల్లో షరతులు.

2007 జనవరి 1 నుంచి బీఎస్‌ఎన్‌ఎల్ పరిమితి ఉన్న ప్లాన్లకు స్పీడ్‌ను 2 ఎంబీపీఎస్ దాకా పెంచింది. ఆ ఏడాదిని బ్రాడ్‌బ్యాండ్ సంవత్సరం అన్నారు. పేపర్లు మెచ్చుకున్నాయి. లెక్క వేస్తే, 2 ఎంబీపీఎస్‌తో ఆగకుండా దించుకుంటే 1 జీబీ గంటా ఏడు నిమిషాల్లో ఖాళీ. బండి వేగం పెరిగింది, ట్యాంకు అంతే ఉంది. మాలాంటివాళ్ళకు కావాల్సింది 256 అయినా సరే, పరిమితి లేని ప్లాన్. నెలకు 900 రూపాయలకు అలాంటిది ఇళ్ళకు వచ్చింది. దుకాణాలకు బిజినెస్ ప్లాన్లు వేరే ఉండేవి, వాటి రేట్లూ వేరే. హోం ప్లాన్లలో రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్కలోకి రాని సౌకర్యం ఉండేది. ఆ కాలంలో నెట్ ఉన్న ఇళ్ళలో కుర్రాళ్ళు రెండింటికి అలారం పెట్టుకుని లేచేవాళ్ళు. పెద్ద పుస్తకాలు, సినిమాలు, సాఫ్ట్‌వేర్లు అన్నీ ఆ ఆరు గంటల్లో దించుకునేవాళ్ళు. రాత్రి పదికి మూతపడే నెట్ సెంటర్ మీద ఆధారపడ్డవాడికి ఆ ఆరు గంటలు లేవు.

6. మా సెంటర్‌కు తీగ ఎలా వచ్చింది

మొదట బజారులో గది చూశాం. మాట అయిపోయింది, అడ్వాన్స్ ఇచ్చాం. రెండు రోజుల తర్వాత గది ఆసామి పిలిచి, "మీది ఫలానా కాలనీ అంట గదా, మా వాళ్ళు ఒప్పుకోవట్లేదు" అని డబ్బు చేతిలో పెట్టాడు. కోపంగా కూడా అనలేదు. వక్కపొడి పెట్టి మరీ పంపాడు.

అప్పుడు మా కాలనీ మొదట్లో, అంబేద్కర్ విగ్రహం దగ్గర రోడ్డు పక్కనే ఒక గది తీసుకున్నాం. బజారుకు అర కిలోమీటరు. కేబుల్ నెట్ ఆపరేటర్ దగ్గరకు వెళ్తే, "మా లైను బజారు దాకే" అన్నాడు. తీగ ఖర్చు మేమే పెట్టుకుంటామన్నాం. మధ్యలో స్విచ్ పెట్టడానికి మేడ ఎవరిస్తారని అడిగాడు. విగ్రహానికీ బజారుకీ మధ్య ఉన్న మూడు మేడలవాళ్ళనూ అడిగాం. ఒకాయన కరెంటు ఖర్చన్నాడు, ఒకాయన పిడుగు భయమన్నాడు, మూడో ఆమె వాళ్ళాయన ఊళ్ళో లేడంది. ఆయన ఆ తర్వాత కూడా ఊళ్ళో దొరకలేదు. అదే ఆపరేటర్ టీవీ కేబుల్ మాత్రం మా కాలనీలో ప్రతి ఇంటికీ ఉంది. సినిమా రావడానికి అడ్డం లేని తీగకు నెట్ దగ్గర అడ్డం వచ్చింది.

చివరికి మాకు దిక్కయింది ప్రభుత్వ ఫోన్ తీగే. ల్యాండ్‌లైన్‌కు దరఖాస్తు పెట్టాం, తర్వాత డీఎస్‌ఎల్‌కు. ఫారంలో పేరు, చిరునామా, డిపాజిట్ తప్ప ఇంకేమీ అడగలేదు. స్తంభం ఎక్కిన లైన్‌మెన్ మా పక్క ఊరి మనవాడే. ఎక్స్ఛేంజీకి దూరం రెండు కిలోమీటర్ల లోపు కాబట్టి స్పీడ్ నిలబడింది. ప్రభుత్వరంగం గురించి ఇవాళ తేలిగ్గా మాట్లాడే మిత్రులకు ఈ సంగతి గుర్తుచేస్తున్నాను. సర్వీసు మీద ఎన్ని విమర్శలైనా చేయొచ్చు. కానీ మేడ ఎవరిదని అడగకుండా తీగ లాగిన సంస్థ అదొక్కటే.

సాయంత్రాలు మా దగ్గర ఎక్కువగా కూర్చుంది ఎవరనుకుంటున్నారు? కుర్రాళ్ళు ఉండేవాళ్ళు, నిజమే. కానీ ఆదివారం చర్చి అయ్యాక అమ్మలు, అక్కలు వచ్చేవాళ్ళు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన కూతురితోనో, చెల్లెలితోనో మాట్లాడటానికి. 2002 ఏప్రిల్ 1 నుంచి కంప్యూటర్ ద్వారా విదేశాల ఫోన్లకు మాట్లాడటాన్ని ప్రభుత్వం అనుమతించింది. ఎస్టీడీ బూత్‌లో ఐఎస్‌డీ మీటర్ పరిగెత్తే కాలంలో ఇది పెద్ద ఊరట. ఒక మాటల కాల్‌కు ఇరవై కిలోబిట్ల చుట్టూ చాలు, కాకపోతే రెండు వైపులా సమానంగా కావాలి. డీఎస్‌ఎల్‌లో దించుకునే స్పీడ్ ఎక్కువ, పైకి పంపేది తక్కువ. ఒకరు ఫోటోలు అప్‌లోడ్ చేస్తుంటే పక్క కుర్చీలో అమ్మ మాట అవతలికి ముక్కలుగా వెళ్తుంది. "వినపడుతుందా తల్లీ" అని ఆమె అరిచేది. వీశాట్ సంగతికి మళ్ళీ వస్తానన్నాను కదా. ఆ అర సెకను ఆలస్యంలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. ఏడుస్తున్న కూతురిని అలా ఓదార్చలేరు. మేం కాల్స్ ఉన్నప్పుడు అప్‌లోడ్లు ఆపించేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం మా సెంటర్‌లో అది రూలు.

7. హక్కు ఆన్‌లైన్‌కు వెళ్ళినప్పుడు

ఇదంతా పాత కథ అని తీసిపారేయకండి. 2008లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పుల దరఖాస్తు ఈపాస్ పేరుతో ఆన్‌లైన్‌కు మారింది. దళారులు, గుమాస్తాల చేతివాటం కొంత తగ్గింది, అది మంచిదే. కానీ ఎస్సీ విద్యార్థి తన హక్కు అడగాలంటే ముందు నెట్ ఉండాల్సి వచ్చింది. మూడేళ్ళ తర్వాత, 2011 జనాభా లెక్కల్లో కూడా, దేశంలో నెట్ ఉన్న కంప్యూటర్ గల కుటుంబాలు నూటికి 3.1 మాత్రమే. దరఖాస్తు నెట్‌లోకి ఎక్కింది, నెట్ మాత్రం వాడలోకి దిగలేదు.

ఆ ఖాళీని నింపింది నెట్ సెంటర్లు. ఊరికే నింపలేదు, డబ్బు తీసుకునే నింపాయి. గంట అద్దె కాకుండా ఫారం నింపితే ఇంత, ప్రింట్‌కు ఇంత, ఫోటో స్కాన్‌కు ఇంత. ఆఖరి తేదీ దగ్గరపడితే ధర పెరిగే సెంటర్లూ ఉండేవి. సెంటర్ స్పీడ్ ఎంతో, దాని బిల్లు గంటల మీదో ఎంబీల మీదో, అప్పుడు ఒక విద్యార్థి ఏడాది చదువు సంగతి అయ్యింది. స్లోగా ఉన్న లైన్ మీద ఫారం సగంలో ఆగితే మళ్ళీ మొదటి నుంచి. గంట అద్దె రెండింతలు.

దేశంలో ప్రతి టెలికాం కంపెనీ ఆదాయం నుంచి అయిదు శాతం సార్వత్రిక సేవా నిధికి పోయేది. 2002 ఏప్రిల్‌లో మొదలైన నిధి అది. మూలనున్న ఊళ్ళకు ఫోన్ చేర్చడానికి పెట్టింది. దాని నుంచి గ్రామీణ బ్రాడ్‌బ్యాండ్ కోసం బీఎస్‌ఎన్‌ఎల్‌తో ఒప్పందం కుదిరింది 2009 జనవరిలో. బ్రాడ్‌బ్యాండ్ విధానం వచ్చిన నాలుగేళ్ళ తర్వాత, స్కాలర్‌షిప్పులు ఆన్‌లైన్ అయ్యాక. ముందు దరఖాస్తు మార్చి, తర్వాత తీగ గురించి ఆలోచించారు. ఈ వరస గుర్తుపెట్టుకోండి. ఆధార్ దగ్గరా, కోవిడ్ కాలపు ఆన్‌లైన్ క్లాసుల దగ్గరా ఇదే వరస చూశాం.

2011 ఏప్రిల్‌లో సైబర్ కేఫ్ నిబంధనలు వచ్చాయి. ప్రతి కస్టమర్ గుర్తింపు కార్డు చూపాలి, రిజిస్టరులో పేరు రాయాలి, ఏడాదిపాటు ఆ వివరాలు దాచాలి. కేబిన్ గోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. నేరాలు ఆపడానికే అన్నారు. ఇంట్లో నెట్ ఉన్నవాడు తలుపేసుకుని చూసుకోవచ్చు. సెంటర్‌కు వచ్చేవాడు మాత్రం పేరు రాసి, నలుగురికీ కనపడేలా కూర్చోవాలి. గోప్యతకు కూడా ఆస్తి కావాల్సి వచ్చింది. మనలో ఎంతమందికి అప్పుడు గుర్తింపు కార్డులు ఉన్నాయో అది వేరే కథ.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక నెట్ సెంటర్లు ఒక్కొక్కటిగా జిరాక్స్ షాపులైపోయాయి. మాది అంతకుముందే మూసేశాం. చేతిలో ఫోన్ ఉంది కాబట్టి తీగ గొడవ తీరిందనుకుంటున్నారు చాలామంది. నాకలా అనిపించదు. ఇవాళ ఫైబర్ ఏ వీధి దాకా వచ్చిందో, హాస్టల్లో వైఫై పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో, రోజుకు ఇన్ని జీబీలు అన్న రీఛార్జ్ ఆన్‌లైన్ కోచింగ్ వీడియోలకు ఎన్ని గంటలు సరిపోతుందో లెక్క వేయండి. పైన చెప్పిన ఐదు ప్రశ్నలూ ఇప్పటికీ పనికొస్తాయి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఊళ్ళో నెట్ సెంటర్ నడిపినవాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళ దగ్గర పాత బిల్లులు, రేట్ల బోర్డులు, రిజిస్టర్లు అటకల మీద ఉంటాయి. చెదలు తినకముందే ఫోటోలు తీయండి. రిజిస్టర్లలో ఉన్న మనుషుల పేర్లు, నంబర్లు బయటపెట్టొద్దు. రేట్లు, తేదీలు, ఏ కనెక్షన్, ఎన్ని సిస్టమ్‌లు, ఏ వీధి, ఇవి చాలు. తీగ మీ వాడకు ఏ ఏడాది వచ్చిందో, ఊళ్ళోకి ఏ ఏడాది వచ్చిందో పక్కపక్కన రాయండి. ఆ రెండు తేదీల మధ్య ఎన్నేళ్ళున్నాయో చూడండి. సమాచార హక్కు దరఖాస్తుతో ఎక్స్ఛేంజీ వివరాలు కూడా అడగొచ్చు. పది ఊళ్ళ లెక్క కుదిరితే అది ఒక పరిశోధన అవుతుంది.

వచ్చే భాగంలో మీసేవ గురించి. 2011 నవంబరులో మొదలైన ఆ కౌంటర్లు కుల ధ్రువీకరణ పత్రం తీసుకునే పద్ధతిని ఎలా మార్చాయో, ఏం మార్చలేకపోయాయో రాస్తాను.

జై భీమ్.